మండికల్‌లో పడని వాన

మనసు విరిగినవాడికి అన్నం తర్వాత కావలసింది ఒక పాట. ఇప్పటి పిల్లలకు ఆ పాటను ఫోనే వెతికి పెడుతుంది గానీ, మేము చింతామణిలో డిగ్రీ వెలగబెడుతున్న ఆ రోజుల్లో పాట మనిషి నుంచి మనిషికి రావాలి. బస్టాండు బెంచీ మీద ఒకడి ఫోను పక్కన ఇంకొకడు ఫోను పెట్టి, ఏది కదిలినా బ్లూటూత్ తెగిపోతుందని ఇద్దరూ బిగుసుకుని కూర్చునేవాళ్లు. అట్లా చింతామణి నుంచి చిక్కబళ్లాపురానికి, అక్కడి నుంచి బాగేపల్లికి పాకిన పాట ఒకటుంది. మా వైపు దాన్ని వాన పాట అంటారు. పాట మొదలైన కాసేపటికి వెనకాల సన్నగా వాన మొదలవుతుంది. చివర్లో పాడేవాడి గొంతు పూడుకుపోయి ఆగిపోతుంది. అప్పుడు ఎక్కడి నుంచో ఒక ఆడగొంతు, మాటలు లేకుండా, ఆ వరస అందుకుంటుంది. ఒంటరిగా వింటే మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడతాయి. ఆ పిల్ల బావిలో దూకిందనీ, ఆ గొంతు ఆమెదేననీ బాగేపల్లిలో చెప్పుకున్నారు. కాదు, పాడినవాడే పోయాడని చిక్కబళ్లాపురంలో చెప్పుకున్నారు. (పాడినవాడు నిక్షేపంగా ఉన్నాడు. షుగరు వచ్చి చప్పటి టీ తాగుతున్నాడు, అంతే.) ఈ కథలన్నీ తెచ్చి నాకే చెప్పేవాళ్లు. నేను నోరెళ్లబెట్టి కొత్తగా విన్నట్టు వినేవాణ్ణి. నిజానికి ఆ పాట పుట్టినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

మేము ముగ్గురం. మాది ఒక బ్యాండ్ అని మాకు మాత్రమే తెలుసు. గిటారు వాయిస్తూ పాడేవాడు గిటారప్ప. వాళ్ల నాన్న చిక్కబళ్లాపురంలో లెక్చరరు కాబట్టి వాడికి గిటారు కొనుక్కునే స్తోమత, ఇంగ్లీషు పాటలు వినే తీరిక రెండూ ఉండేవి. మెత్తగా వాయించి మెల్లగా పాడేదాన్ని సాఫ్ట్ రాక్ అంటారని మాకు చెప్పింది వాడే. రెండోవాడు వైరు. టేప్ రికార్డరు, మైకు, బ్యాటరీలు వాడి సొత్తు. ఎక్కడ చూసినా మెడలో ఒక తీగ చుట్ట వేసుకుని కనపడేవాడు. మూడోవాణ్ణి నేను. మా నాన్నకు చింతామణిలో కిరాణా అంగడి. నాకు సంగీతం రాదు. ఖాళీ డబ్బాలో గుప్పెడు రాగులు పోసి, మూత బిగించి, పాటకు తగినట్టు ఊపడం నా విద్య. (తగినట్టు అనేది నా అభిప్రాయం.) కాలేజీలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ, డబ్బా అన్నవాళ్లు ఎక్కువ.

మా గిటారప్పకు కైవారం పిల్ల ఒకతె మీద మనసు. ఆ పిల్లకూ వీడంటే ఇష్టమే. రోజూ కైవారం నుంచి బస్సులో వచ్చేది, వీడు బస్టాండులో ఎదురు చూసేవాడు, ఇద్దరూ కాలేజీ దాకా పక్కపక్కన నడిచేవాళ్లు. అంత దూరం నడిచి కూడా వీడు అసలు మాట అడగలేదు. మా వైపు మగపిల్లల్లో ఇదొక జబ్బు, అన్నీ మాట్లాడతారు, అదొక్కటి తప్ప. చివరి ఏడాది ఆ పిల్లకు బాగేపల్లి నుంచి సంబంధం వచ్చింది. ఒకరోజు బస్సు మెట్టు మీద నిలబడి, నువ్వు అడుగుతావని చూసి చూసి విసుగొచ్చింది, ఇంక చాలు అని చెప్పి దిగి వెళ్లిపోయింది. వీడు అప్పుడైనా అడగాలా వద్దా? ఇంటికి వెళ్లి గిటారు తీశాడు. నోటితో రాని మాటను పాటలో అడుగుతానన్నాడు. తాంబూలాలు పుచ్చుకోకముందే ఆ పాట ఆ పిల్ల చెవిన పడాలి, పడితే వస్తుంది, రాకపోతే తన ఖర్మ అన్నాడు. ‘నువ్వు దిగిన మెట్టు మీద నా నీడ ఇంకా కూర్చునుంది’ అని పల్లవి కట్టాడు. పల్లవి బాగానే ఉంది. దాని తర్వాత ఏం పాడాలో వాడికి తోచలేదు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా మెట్టు దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయి వరస తెగిపోయేది.

చింతామణిలో రికార్డు చేద్దామంటే ఏ గదిలో కూర్చున్నా లారీల హారన్లూ టమోటా మండీ కేకలూ మైకులో పడేవి. సద్దు లేని చోటు కోసం గిటారప్ప మమ్మల్ని మండికల్ దగ్గర ఒక పల్లెకు, వాళ్ల పెద్దమ్మ ఇంటికి తీసుకుపోయాడు. ఆమె ఒంటరి మనిషి. మొగుడు ఎప్పుడో పనికని పోయి తిరిగి రాలేదు. మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం, ఇవే ఆమె జీవనం. పురుగులను పెంచే కొత్త ఇల్లు ఒకటి, దానికి ఆనుకుని ఖాళీగా ఉన్న పాత మట్టిల్లు ఒకటి. ఆమె మాట్లాడడమే తక్కువ. మాకు చెప్పవలసింది గడప దగ్గరే చెప్పేసింది. “పాతింట్లో ఏమన్నా చేసుకోండి నాయనా. కొత్తింటి పక్క వచ్చినారంటే కాళ్లిరగ్గొడతా. పురుగులకు సద్దు పడదు, సెంటు పడదు, మీ మొగాలు అసలే పడవు.” మధ్యాహ్నం తాను తోటలో ఉంటానని చెప్పి తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లిపోయింది. గిటారప్ప ఏటా సెలవులకు అక్కడికి వచ్చేవాడే గానీ, పురుగుల ఇంట్లోకి వాణ్ణి ఒక్కనాడూ రానివ్వలేదట.

ఎండ మండిపోతున్న మధ్యాహ్నం. పాత ఇంట్లోకి అడుగు పెట్టగానే బావిలోకి దిగినట్టు చల్లగా తగిలింది. కిటికీలకు గోనెపట్టాలు కట్టి ఉన్నాయి. తడి మన్ను వాసన. ఊరంతా ఎండకు లోపల పడుకుని ఉంది, కాకి కూడా అరవడం లేదు. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. మా అంగట్లో తక్కెడ చప్పుడైనా ఉంటుంది. వైరు మైకును ఒక వెదురు గడకు కట్టి, గోడ పైభాగాన గాలికోసం వదిలిన కంత దాకా ఎత్తి నిలబెట్టాడు. ఎత్తులో ఉంటే గొంతు గుండ్రంగా వస్తుందని వాడి శాస్త్రం. గిటారప్ప పాడాడు. మెట్టు దగ్గర మామూలుగానే పూడుకుపోయి, తల వంచుకుని కూర్చుండిపోయాడు. నేను డబ్బా ఆపేశాను. వైరు రికార్డరు ఆపడం మరిచిపోయాడు. వాడి మరుపు వల్లే ఈ కథ.

టేపు వెనక్కి తిప్పి పెట్టాం. గిటారు వచ్చింది, నా రాగులు వచ్చాయి. వాటి వెనకాల ఇంకేదో ఉంది. మొదట టేపు అరిగిందనుకున్నాం. వైరు సౌండు పెంచాడు. వాన. ఆకుల మీద సన్నగా, విడవకుండా పడే వాన. నేను లేచి గోనెపట్టా తొలగించి చూశాను. బయట ఎండకు రాళ్లు మెరుస్తున్నాయి. మబ్బు తునక లేదు. నేను పట్టా వదిలి వెనక్కి తిరిగేలోపే టేపులో గిటారప్ప గొంతు ఆగిపోయింది. ఆగిన చోటే ఒక ఆడమనిషి గొంతు ఎత్తుకుంది. నోరు తెరవకుండా, ఊ అని. గిటారప్ప వదిలేసిన వరసను సరిగ్గా అక్కడే పట్టుకుని, వాడికి ఎన్నాళ్లకూ తోచని దారిలో నడిపించుకుంటూ పోయి, మెల్లగా కిందికి దింపి వదిలింది. ఆ ఇంట్లో మేము ముగ్గురం తప్ప మనిషి లేడు. నేను ఏమీ ఆలోచించలేదు, డబ్బా గుండెకు హత్తుకుని పరుగెత్తాను. దారి పొడుగునా ఎవరో గలగలమని నా వెంటబడుతున్న చప్పుడు. రోడ్డు మీదికి వచ్చి ఆగాక ఆ చప్పుడూ ఆగింది. అది నా డబ్బానే అని అప్పుడు తెలిసింది.

రోడ్డు మీద ట్రాక్టరు ఆపుకుని ఉన్న ఒక పెద్దాయన నన్నూ, నా వెనకే వచ్చి చేరిన వాళ్లిద్దరినీ చూసి ఏమైందని కూడా అడగలేదు. “ఇన్యారా అప్పా? పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు ఆ పాతింటి పక్క ఒక ఆడమనిషి మూలగతా ఉంటాది. మేమెవురమూ ఆ పొద్దులో ఆ దావన పోము,” అన్నాడు. పెద్దమ్మకు చెప్పలేదా అంటే, ఒంటరి మనిషి, జడుసుకుంటుందని ఊరంతా దాచిపెట్టారట. నాకు ఆ రాత్రి జ్వరం తగిలింది. మా అమ్మ ఊపిరాడకుండా దిష్టి తీసి, అసలు సంగతి రాబట్టి, ఒక పొట్లంలో సాంబ్రాణి కట్టి ఇచ్చింది. సాంబ్రాణి పొగకు నిలిచే దయ్యం ఇంతవరకూ పుట్టలేదని ఆమె నమ్మకం.

అసలైతే అంతటితో మానుకోవాలి. కానీ గిటారప్ప భయపడలేదు. వాడికి భయపడే తీరిక లేదు. తాంబూలాల ముహూర్తం దగ్గర పడుతోంది, పాటకు కావలసిన ముగింపు ఆ గొంతు దగ్గరే ఉంది. దయ్యమో దేవతో, ఇంకోసారి పాడితే చాలు, నేర్చుకుంటానన్నాడు. ఆ వారంలోనే మళ్లీ వెళ్లాం. ఈసారి వాన చెవికే వినిపిస్తోంది, మైకు అక్కర్లేదు. నాలుగు గోడల మధ్య, నడి ఎండలో, మా నెత్తి మీద ఎక్కడో జోరుగా కురుస్తోంది, చుక్క కూడా కిందపడటం లేదు. వైరు మెడలోని తీగ చుట్టను తాయెత్తులా పట్టుకున్నాడు. గిటారప్ప పాడాడు, ఆగాడు. గొంతు ఎత్తుకుంది. ఈసారి మరీ దగ్గరగా, గోడలో నుంచి. నేను వెంట తెచ్చుకున్న మూకుట్లో నిప్పులు రాజేసి, పొట్లంలోని సాంబ్రాణి అంతా ఒక్కసారే గుమ్మరించాను. పొగ గుప్పుమని లేచింది, గోడ వెంట పాకి, పైన ఉన్న కంతలోకి వెళ్లిపోయింది. గొంతు టక్కున ఆగింది. మా అమ్మ మాట నిజమేనని నేను సంబరపడేలోపు వాన కూడా ఆగిపోయింది. మెల్లమెల్లగా తగ్గి కాదు, మొత్తంగా ఒకేసారి. ఆ తర్వాత వచ్చిన నిశ్శబ్దం లాంటిది నాకు మళ్లీ తగలకూడదని ఇప్పటికీ కోరుకుంటాను.

తలుపు తెరుచుకుంది. ఒక ఆడమనిషి. మొహానికి తడిగుడ్డ చుట్టి ఉంది, కళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. రెండు చేతులూ మోచేతుల దాకా తెల్లగా, సున్నం తెలుపు. వైరు గోడకు అంటుకుపోయాడు. ఆమె మమ్మల్ని చూడలేదు, మూకుడును చూసింది. చెంబెడు నీళ్లు దాని మీద కుమ్మరించి, మొహం మీద గుడ్డ లాగేసింది. పెద్దమ్మ.

“పొగ ఎవురు పెట్టింది?” అంది. నేను చెయ్యి ఎత్తాను, బడిలో ఎత్తినట్టు. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. “నాలుగో జరం లేచి మేత మీదుండాయి. రేపో ఎల్లుండో గూడు కట్టేటివి. తినేది ఆపినాయి,” అని మాత్రం అని, గిరుక్కున తిరిగి వెళ్లిపోయింది. అప్పుడు తెలిసింది మాకు, ఆ వాన ఏమిటో. పట్టుపురుగులు పెరిగేటప్పుడు కొన్నిసార్లు తిండి మానేసి కదలకుండా ఉండిపోతాయి, దాన్ని మా వైపు జ్వరం అంటారు. చివరి జ్వరం లేచాక ఆకలి మీద ఉంటాయి. ఇంటినిండా తట్టల్లో ఉన్న పురుగులన్నీ ఒకేసారి ఆకు నమిలే సద్దే, రెండిళ్ల నడిమి గోడకున్న కంతలో నుంచి వచ్చిన ఆ వాన. పోయినసారి పురుగులు ఇంత పెద్దవి కావు, కంత దగ్గరి మైకుకు మాత్రమే అందింది. పొగ వాటికి విషం. దయ్యాన్ని తరమబోయి నేను ఆమె పంట మీద పొగ పెట్టాను. ఆ పంట పోతే ఆమెకు వేరే ఏమీ లేదు.

మా కాళ్లు విరగ్గొడతానన్న మనిషే మమ్మల్ని లోపలికి పిలిచింది. కాళ్లు కడుక్కుని, మొహాలకు గుడ్డలు చుట్టుకుని, కిటికీలు తెరిచాం, గోనెపట్టాలు తడిపాం, తట్టలతో విసిరి విసిరి పొగను బయటికి తోలాం. తర్వాత చేయడానికి ఏమీ మిగల్లేదు. చీకటి గదిలో అరల మీద అరలుగా తట్టలు, తట్టనిండా తెల్లటి పురుగులు, అన్నీ తలలు పైకెత్తి బిగుసుకుని ఉన్నాయి. ఒక్కటీ కదలదు. అన్ని తలలు ఒకేసారి మన వైపే ఎత్తి ఉంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. పెద్దమ్మ తాజా ఆకు తెచ్చి పైన పరిచింది. పురుగులు తాకలేదు. పురుగులకు తెగులు రాకుండా చల్లే సున్నం పొడి ఆమె చేతుల మీద చెమటకు చారలు కట్టింది. అప్పుడు, మేము అక్కడ ఉన్నామన్న సంగతి మరిచిపోయినట్టుగా, ఆమె ఆ వరస ఎత్తుకుంది. నోరు మూసుకుని, ఊ అని. టేపులో విన్నదే, మధ్యాహ్నం తోట నుంచి ఆకు తెచ్చి వేసేటప్పుడల్లా ఆమె పాడుకునేదే. ఆకు వేస్తూ, ఊ అంటూ, ఒక తట్ట నుంచి ఇంకో తట్టకు నడిచింది. ఏదో మూల చినుకు పడ్డట్టు ఒక సద్దు. తర్వాత ఇంకోటి. చూస్తుండగానే గదినిండా వాన వచ్చేసింది. గిటారప్ప ఏడుస్తున్నాడు, చిన్నప్పుడు సెలవుల్లో ఈ గోడ అవతల నుంచి విన్న వరసనే తనదనుకుని పాట కట్టానని వాడికి అప్పుడు తెలిసింది. నేనూ ఏడ్చాను, నాది వేరే ఏడుపు, పంట బతికిందన్న ఏడుపు.

ఆ వరస ఎక్కడిదని గిటారప్ప అడిగాడు. ఆమె ఆకు సర్దుతూనే చెప్పింది. “మీ పెదనాయనను గౌరిబిదనూరులో రైలెక్కించి వచ్చినా. దసరాకు వస్తానన్యాడు. ఇంటికొస్తే పురుగులు జరం లేచి ఆకుకు కాసుకోనుండాయి. కూర్చోని ఏడుస్తే ఆకు ఎవురేస్తారు? నోరు మూసుకోనే ఏడ్చినా. అదే అలవాటు పడిపోయింది.” ఆయన ఇంక రానేలేదా పెద్దమ్మా అని వీడు తెలివితక్కువగా అడిగాడు. “వచ్చింటే ఇంకా పాడతానా?” అంది ఆమె.

పాట చివర ఆ వరస పెట్టుకోనిమ్మని వాడు బతిమాలాడు. తాను పాడనంది. కావాలంటే మూల కూర్చోండి, నేను ఆకు వేసుకుంటా, నోరు దానంతట అది అంటే అననీ అంది. పాడింది తానని మాత్రం ఎవరికీ చెప్పకూడదు, ఊర్లో నవ్వుతారు అంది. మరునాడు మధ్యాహ్నం పురుగుల ఇంట్లోనే రికార్డు చేశాం. నేను డబ్బా పట్టుకుని తయారయ్యాను. పెద్దమ్మ చూసి, “అది బయట పెట్టు నాయనా. ఈ సద్దు చాలు,” అంది. అట్లా నా సంగీత జీవితం పురుగుల చేతిలో ముగిసింది. పాట అయిపోయాక విన్నాం. వాన, గిటారు, వాడి గొంతు, ఆగిపోవడం, ఆ తర్వాత ఆమె. వైరు టేపును మళ్లీ మొదటికి తిప్పాడు. ఇది విని రాని ఆడపిల్ల ఉండదు అన్నాను నేను.

వైరు టేపులోని పాటను ఫోనులోకి ఎక్కించి ఇస్తే, ఆ పిల్ల స్నేహితురాలి చేతిలో పంపాం. పాట ముహూర్తానికి ముందే చేరింది. గిటారప్ప రోజూ బస్టాండులో కూర్చున్నాడు. కైవారం బస్సులు వచ్చాయి, పోయాయి. తాంబూలాలయ్యాయి, పెళ్లయింది. ఆ స్నేహితురాలి ఫోను నుంచి పాట మాత్రం ఊళ్లు పట్టుకు తిరిగింది. వాడు గిటారు అటక మీద పెట్టేసి, బడిపంతులై, ఇంట్లో చూసిన పిల్లను చేసుకుని సుఖంగానే ఉన్నాడు. పెద్దమ్మ కూడా కాలం చేసింది. ఆమెను చూసి ఊరు నవ్వలేదు, దయ్యం సంగతీ ఆమెకు తెలియలేదు.

పోయిన ఏడాది పని మీద బాగేపల్లి వెళ్లి, రెండు స్విచ్చులు కొందామని ఒక ఎలక్ట్రికల్ అంగట్లోకి దూరాను. గల్లాపెట్టె ముందు కూర్చున్న ఆమె నా వైపు చూసి, “డబ్బా అన్న నువ్వే గదా?” అంది. కైవారం పిల్ల. జుట్టు అక్కడక్కడ నెరిసింది, కళ్లు అవే. పిల్లల చదువులూ ఎండలూ అన్నీ మాట్లాడుకున్నాం. లేచి వస్తుంటే, గొంతు తగ్గించి అడిగింది, ఆ పాట చివర పాడిన ఆయమ్మ ఎవరు అన్నా అని. ఎందుకన్నాను.

“ఆ పాట చేతికొచ్చిన పొద్దు మా నాయనతో చెప్పేద్దామనే అనుకున్యా. పాటంతా ఇన్యా. వానలో తడుస్తా పాడినాడు పాపం, చాలు, ఇంకేం గావాల నాకు అనుకున్యా. చివర్న ఆయమ్మ గొంతొచ్చింది. వీడు ఆగిపోతే పట్టుకునే మనిషి వీనికి దొరికిందిలే అనుకోని, ఫోను ఆపేసి, తాంబూలాలకు తల దువ్వుకున్యా.”

నేను చెప్పాను. పెద్దమ్మ అని. ఆ వాన కూడా వాన కాదు, పురుగులని. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్లు తుడుచుకుంది, తుడుచుకున్నాక కూడా కొంగు తీయలేదు. లోపలి నుంచి ఆమె భర్త, మంచి మనిషే, ఏమిటంత నవ్వు అని అడిగాడు. ఏమీ లేదు, ఆయప్పకు రెండు స్విచ్చులియ్యి అంది.

ఈ సంగతి గిటారప్పకు నేను చెప్పలేదు. ఇక్కడ రాస్తే ఫరవాలేదు, మా వైపు చదువంతా కన్నడలో కదా, వాడు పొద్దున్నుంచి రాత్రి దాకా తెలుగు మాట్లాడతాడు గానీ తెలుగు అక్షరం చదవలేడు. (నాకు నేర్పింది మా తాత, అంగట్లో పొట్లాలు కట్టే కాగితాల మీద.) అప్పుడప్పుడు, అంగడి మూసి ఇంటికి నడిచే దారిలో ఎవరి ఫోనులోనో ఆ పాట వినిపిస్తే నిలబడతాను. నా డబ్బా ఎంత అధ్వాన్నంగా మోగేదో నాకు తెలుసు. పెద్దమ్మ ఆ రోజు దాన్ని బయట పెట్టించకపోతే ఆ గలగలలో ఏ ఆడగొంతూ ఎవరికీ వినిపించేది కాదు, పిల్ల మరునాటి బస్సుకే వచ్చేసేది. ఒకరోజు ఇంటికి వచ్చి మా అమ్మను ఆ డబ్బా ఏదని అడిగాను. “దాంట్లో రాగులు ఆ పొద్దే పిండి పట్టిచ్చి సంగటి చేస్తిని గదరా, నువ్వే తింటివి,” అంది.